లాపిడరీ అనే మాట, తాండూరు బండ

తాండూరులో అద్దెకున్నవాడికి అంగీ తగిలించుకునే దిక్కుండదు. మేకు కొడదామంటే గోడ ఒప్పుకోదు. గోడ రాయి, గోడలోని గూడు రాయి, గూటికి అడ్డంగా వేసిన పలక రాయి, పైన కప్పు రాయి, కింద నేల రాయి. మేకు వంగుతుంది, సుత్తి జారుతుంది, బొటనవేలు నల్లబడుతుంది. రాయి మాత్రం తనకేమీ సంబంధం లేనట్టు ఉంటుంది. ఇల్లు అద్దెకిచ్చినాయనకు ఈ కష్టం చెప్పుకుంటే, "అంగీ ఎందుకు తగిలిచ్చుడు సారూ, తొడుక్కొనే ఉండున్రి" అన్నాడు. ఆ సలహాను చాలా ఏళ్లు పాటించాను. నేను పాఠం చెప్పిన రోజుల్లో నా చొక్కాలు ఎందుకలా నలిగి ఉండేవని ఇప్పటికీ అడిగే పాత విద్యార్థులు కొందరున్నారు. వాళ్లకు నా సంజాయిషీ ఇదే.

ఈ ఊరికి సరిగ్గా అతికే ఇంగ్లీషు విశేషణం ఒకటుంది. లాపిడరీ. మామూలు మనుషులు దాన్ని వాడరు. వాడినవాళ్లను మామూలు మనుషులు క్షమించరు. అది నాకెలా తగులుకుందో ముందు చెప్పి, తర్వాత తాండూరు దాన్ని ఏం చేసిందో చెబుతాను. పేర్లు మాత్రం రాయను. పేర్లు రాయబోతే ఏమవుతుందో ఒకసారి దగ్గరుండి చూశాను, అది చాలు.

నిజాం రాజ్యం పోయేనాటికి నేను వికారాబాదులో మెట్రిక్ దగ్గర ఉన్నాను. అప్పటిదాకా లెక్కలూ చరిత్రా భూగోళమూ ఉర్దూలో బట్టీ పట్టి, అంతా పట్టాక దానితో ఇక ఉద్యోగాలు రావని తెలిసి, ఊరందరితో పాటు ఇంగ్లీషు వైపు పరుగెత్తాను. హైదరాబాదులో బి.ఏ. చదివేటప్పుడు మాకు ఇంగ్లీషు చెప్పిన ముసలి లెక్చరరుకు లాటిన్ పిచ్చి. ఏ మాట దొరికినా దాని తాతముత్తాతలను లేపి కూర్చోబెట్టేదాకా ఊరుకునేవాడు కాదు. ఒకరోజు ఎవరి శైలి గురించో చెబుతూ 'లాపిడరీ' అని, మా ముఖాలు చూసి, పుస్తకం మూసి, అందరినీ వరండాలోకి నడిపించాడు. చేతికర్రతో నేల మీద కొట్టాడు.

"ఇదేమిటి?"

"నేల సార్" అన్నాడు ముందు నిలబడ్డవాడు.

"అది నాకూ తెలుసు. దేనితో వేసింది?"

"తాండూరు బండ సార్" అన్నాను. మా దిక్కు పరువు నిలబెట్టే అవకాశం కాలేజీలో నాకు దక్కింది అదొక్కటే.

"లాటిన్‌లో రాయిని లాపిస్ అంటారు. 'రాయి యొక్క' అనాలంటే లాపిడిస్. రాళ్ల పని చేసేవాడు లాపిడేరియుస్. ఇంగ్లీషువాళ్లు దాన్ని తెచ్చుకుని మొదట రత్నాలు సానపట్టేవాడికి పెట్టారు. తర్వాత విశేషణం చేసి రాతకు పెట్టారు. రాతి మీద చెక్కడానికి తగినంత పొట్టిగా, గట్టిగా ఉన్న రాతకు."

పొట్టిగానే ఎందుకుండాలని ఎవరో అడిగారు.

"నువ్వొక అక్షరం చెక్కి చూడు" అన్నాడాయన. "ఉలి పట్టినవాడికి విశేషణాల మీద మోజు ఉండదు."

అదే రాయి ఇంకో మాటలోనూ ఉందని ఆ వరండాలోనే చెప్పాడు. డిలాపిడేటెడ్. రాళ్లు ఒకటొకటిగా విసిరేసినట్టు ఉన్నదంతా చెదరగొట్టుకోవడం లాటిన్‌లో దాని అర్థమట. ఆస్తి తగలేసేవాడికి వాడేవాళ్లు. ఇంగ్లీషులోకి వచ్చాక పాడుబడ్డ ఇళ్లకు మిగిలింది. మా హాస్టలును ఆయన ఆ మాటతోనే పిలిచేవాడు. ఒకే రాయి కడుపున పుట్టిన ఈ అన్నదమ్ముల్లో ఒకడు చెక్కేవాడు, ఇంకొకడు పారేసేవాడు. ఇద్దరినీ ఒకే మనిషిలో చూసే భాగ్యం నాకు తాండూరులో కలిగింది.

ఆ మనిషి పటేలు. బొంరాస్‌పేట దిక్కు భూములున్న కుటుంబం. ఊళ్లో వాళ్లకొక కోటలాంటి గడీ ఉండేది. గడీ దర్వాజా మీద వాళ్ల నాయన పేరు ఉర్దూలో చెక్కిన రాయి ఉండేది. పోలీసు చర్య అయిన కొద్ది రోజులకే పటేలు దాని మీద సున్నం కొట్టించాడు. గాలి ఎటు తిరుగుతుందో తెలియనప్పుడు నాయన పేరు కనపడకుండా ఉండడమే మంచిదని ఆయన అభిప్రాయం. తర్వాత గడీ వదిలేసి తాండూరు వచ్చి బండల గని పట్టాడు. వెనక గడీ రాళ్లను ఊరివాళ్లు ఒకటొకటిగా మోసుకుపోయి పందుల దొడ్లకూ బాయి గట్లకూ వాడుకున్నారు. పటేలు పట్టించుకోలేదు. గనిలో కావలసినన్ని ఉన్నాయి కదా.

నేను తాండూరులో ఇంగ్లీషు టీచరుగా చేరేనాటికి ఆయన మా స్కూలు కమిటీకి అధ్యక్షుడు. చదువు గురించి ఆయనకు గట్టి అభిప్రాయాలుండేవి. చదువు తగలకపోవడం వల్ల అవి చెక్కుచెదరకుండా ఉన్నాయి. మా హెడ్‌మాస్టరు పాత ఉర్దూ చదువు మనిషి, చాలా మర్యాదస్తుడు. ఆయన ఉద్యోగం మొత్తం "బరాబర్" అనే ఒక్క మాట మీద నడిచింది. శైలి విషయంలో లాపిడరీ అనదగినవాడు మా స్కూల్లో ఆయనొక్కడే.

ఆ స్కూల్లో ఆడపిల్లలకు వేరే గది లేదు. వచ్చేదే కొద్దిమంది. వాళ్లు మగపిల్లల క్లాసులో గుమ్మం దగ్గర కూర్చునేవాళ్లు, వానొస్తే గుమ్మంతో పాటు తడిసేవాళ్లు. స్కూలుకు ఆనుకుని ఒక ఖాళీ జాగా ఉండేది. అది బజారులో కందుల దుకాణం నడిపే సావుకారమ్మది. లింగాయతుల ఇంటి మనిషి. మొగుడు పోయాక దుకాణం తనే చూసుకునేది. ఇంట్లో కన్నడం, బజారులో తెలుగు, బేరం దగ్గర రెండూ. ఆమెకు ఒక్కతే బిడ్డ ఉండేది. ఆ గుమ్మం దగ్గరే కూర్చుని చదువుకుని, నేను చేరడానికి ముందటి వానాకాలంలో జ్వరమొచ్చి పోయింది.

ఒకరోజు సావుకారమ్మ హెడ్‌మాస్టరు గదికి వచ్చి, ఆ జాగాను ఆడపిల్లల గదికి ఇస్తానంది. అప్పుడక్కడ పటేలున్నాడు, నేనున్నాను.

"ఒక్కటే అడుగుత" అంది. "గది కాడ నా బిడ్డ పేరు రాయి మీద చెక్కిపియ్యున్రి. తెలుగుల. ఇంక నాకేం వద్దు."

"గదెంత పని అక్కా?" అన్నాడు పటేలు. "జాగ నీది, రాయి నాది. చెక్కిపిస్త. మాటిస్తున్న."

"బరాబర్" అన్నాడు హెడ్‌మాస్టరు.

బయటకు వచ్చాక ఆమె నాతో ఇంకో సంగతి చెప్పింది. ఆ పిల్లకు రాత వచ్చిన కొత్తలో దుకాణంలో పరిచిన బండలన్నిటి మీదా సుద్దముక్కతో తన పేరే రాసుకునేదట.

"నాకు సదువు రాదు సారూ. నా బిడ్డ పేరొక్కటి గుర్తువడత. సుద్దతోని రాసిందంత కాళ్లు తాకి పోయింది. చెక్కింది పోదు గద?"

పోదన్నాను. రాళ్ల గురించి నాకు తెలిసిందంతా లాటిన్‌లోనే అయినా, ఆ మాట మాత్రం ధైర్యంగా చెప్పాను.

జాగా రిజిస్ట్రీ త్వరగానే అయిపోయింది. పటేలు ఇచ్చిన మాటకు రిజిస్ట్రీ ఉండదు.

ఊళ్లో ఇంగ్లీషు బి.ఏ. నేనే కాబట్టి రాత పని నా మీద పడింది. ఇన్నాళ్లకు నా విశేషణం పనికొచ్చిందని సంతోషించాను. పైన పెద్ద అక్షరాల్లో పిల్ల పేరు. దాని కింద, ఈ నేల ఆమె తల్లి ఇచ్చిందని ఒక వరుస. ఆ కింద, రాయి పటేలుగారిదని ఇంకో వరుస. మా లెక్చరరు చూసి ఉంటే, రెండో వరుస కూడా ఎందుకనేవాడు. కాగితం పట్టుకుని పటేలు గని దగ్గరికి వెళ్లాను. ఆయన రేకుల నీడలో మంచం వేసుకుని కూర్చున్నాడు. చదివించుకుని విన్నాడు. కాగితం తిరగేసి వెనకా చూశాడు.

"గింతేనా?"

"ఇంతే పటేల్ సాబ్."

"రాయి గంత ఉంటే రాత గింతేనా? చూసెటోళ్లు ఏమనుకుంటరు? పటేలు కాడ మాటలు కరువైనయ్ అనుకోరా?"

లాపిడరీ సంగతి చెప్పాను. రోమువాళ్లు, ఉలి, చెయ్యి నొప్పి, మాట పొదుపు అన్నీ చెప్పాను. ఆయన చాలా శ్రద్ధగా విన్నాడు. నా క్లాసులో ఎవరూ అంత శ్రద్ధగా వినలేదు.

"ఆ రోమోళ్లకు గనులుండెనా?"

"ఉండే ఉంటయి పటేల్ సాబ్."

"సొంత గని ఉండంగ గంత పీనాసితనం దేనికి?"

ఇది మా లెక్చరరుకు తట్టని ప్రశ్న. ఆయన చెప్పిందంతా రాయి అపురూపమన్న నమ్మకం మీద నిలబడింది. ఆయన తాండూరు రాలేదు. ఇక్కడ మంచి కాగితం కావాలంటే హైదరాబాదు పోవాలి, రాయి కావాలంటే కిందికి చూస్తే చాలు. పశువుల కొట్టంలో పరుస్తారు, మురికి కాలవ మీద మూతేస్తారు, బర్రెను కడుగుతారు, బట్టలు ఉతుకుతారు, ఎండాకాలం నీళ్లు చల్లి దాని మీదే పడుకుంటారు. లాటిన్ మాట్లాడేవాళ్లు ఈ రైల్వే లైను మీద పుట్టి ఉంటే, వాళ్ల శాసనాలు ఇప్పటికీ పూర్తయ్యేవి కావు.

పటేలు శాసనం అలా పెరగడం మొదలుపెట్టింది.

ముందు భాష మారింది. "తెలుగుల రాస్తే అందరు చదువుతరు, చదివినంక మర్చిపోతరు. ఇంగ్లీషుల ఉంటే ఎవ్వలు చదవరు గని ఇజ్జత్ ఇస్తరు" అన్నాడు పటేలు. నా ఇంగ్లీషు టీచరు జీవితానికి ఇంతకన్నా మంచి సారాంశం ఎవరూ రాయలేదు కాబట్టి ఊరుకున్నాను. పిల్ల పేరు మాత్రం తెలుగులోనే ఉండాలని పట్టుబడితే, సరేనన్నాడు.

తర్వాత తాత వచ్చాడు. తాత వెనక నాయన వచ్చాడు. పదేళ్లకు పైగా సున్నం కింద ఉన్న నాయన ఇప్పుడు 'ఇల్లస్ట్రియస్' అనే విశేషణంతో వచ్చాడు. లాటిన్‌లో అది వెలుగుకు చుట్టమైన మాట. సున్నం కింది నుంచి బయటపడ్డ మనిషికి అది తగదని ఎలా అనను? ఆ విశేషణాలన్నీ పటేలు హైదరాబాదులో ఎవరికో సన్మానం జరిగినప్పుడు పంచిన అచ్చుకాగితం నుంచి ఏరుకున్నాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి అంగీ జేబులో ఉంచుకునేవాడు. నేను వెళ్లినప్పుడల్లా విప్పి, గోటితో ఒక మాట కింద గీత గీసి, "గిది మంచిదేనా?" అనేవాడు. మంచిదేనంటే అది రాతి మీదికి పోయేది. మంచిది కాదంటే, "ఆయనకు పెట్టిన్రు గద?" అనేవాడు.

అలా వచ్చిందే 'మునిఫిసెంట్'. అది పటేలు పేరు ముందు కూర్చుంది. లాటిన్‌లో మూనుస్ అంటే కానుక, దానికి 'చేయడం' అనే మాట తోడైతే ఇది పుట్టింది. అడగకుండా గొప్ప కానుకలు చేసేవాడని అర్థం. జాగా సావుకారమ్మది. గోడలూ కప్పూ సర్కారు పైసలతో లేచాయి. గది నేలకు పరచడానికి పటేలు బండలిచ్చిన మాట నిజమే. అంచు విరిగి బండి ఎక్కని బండలు. ఆ గదిలో ఆడపిల్లలు కాలు ఎక్కడ పెట్టాలో చూసుకుని నడవడం నేర్చుకున్నారు. చదువులో అదొక భాగమే అనుకోవాలి.

మా దిక్కు లగ్నపత్రికలో ఎవరి పేరు ఎవరి కింద పడిందన్నది పెళ్లి కంటే పెద్ద సంగతి. పటేలు లెక్కలో శాసనం కూడా లగ్నపత్రికే. అల్లుడి పేరు పెట్టాలన్నాడు. పెట్టాను. అల్లుడి పేరు ఉండి వియ్యంకుడి పేరు లేకపోతే ఎలా అన్నాడు. ఆ వియ్యంకుడు పరిగి నుంచి బస్సులో స్వయంగా వచ్చి, తన పేరుకూ కొడుకు పేరుకూ మధ్య ఎంత ఖాళీ ఉందో వేలితో కొలిచి చూసుకుని పోయాడు. రాయి చాలకపోతే పటేలు ఫికర్ పడలేదు. పెద్ద రాయి తీయించాడు. అదీ చాలకపోతే ఇంకా పెద్దది.

ఈ మధ్యలో నేను బజారులోంచి పోతుంటే సావుకారమ్మ దుకాణం అరుగు మీంచి పిలిచేది.

"రాస్తున్నరా సారూ?"

"రాస్తున్నం అమ్మా."

"నా బిడ్డ పేరు ఏడొస్తది?"

మొదట్లో పైన వస్తుందని చెప్పాను. కొన్నాళ్లకు నడిమిట్ల వస్తుందన్నాను. ఇంకొన్నాళ్లకు అడుగున అని చెప్పాల్సి వచ్చింది. "అడుగునైతే మంచిదే" అంది. "కూసోని చూడొచ్చు."

గది తెరవడానికి హైదరాబాదు నుంచి ఒక పెద్దమనిషి వస్తానని ఒప్పుకున్నాడన్న కబురుతో అసలు చిక్కు వచ్చింది. ఆయన పేరు అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో రావాలి. రాయి ఇంకా పెద్దది కావాలన్నాడు పటేలు. అంతకన్నా పెద్ద పలక లేపితే నడిమికి విరుగుతుందని గనివాళ్లు చెప్పారు. రాయికి కూడా ఒక హద్దు ఉంటుందని పటేలుకు తెలిసింది ఆ రోజే. చాలా నొచ్చుకున్నాడు.

హెడ్‌మాస్టరు గదిలో ముగ్గురం కాగితం ముందేసుకుని కూర్చున్నాం. అందరి పేర్లనూ తలా కాస్త కిందికి జరిపాం. జరిపి జరిపి చూస్తే, అడుగున ఉన్న పిల్ల పేరు రాయి అంచు దాటి కిందికి పోయింది.

"ఒక్క విశేషణం తీసేద్దాం పటేల్ సాబ్. మునిఫిసెంట్ తీస్తే పిల్ల పేరు పడుతుంది" అన్నాను.

"అది మంచి మాటంటివి గద?"

"మంచి మాటే."

"మంచి మాట తీసుడెందుకు? ఖరాబు మాటేమన్న ఉంటే తియ్యి."

"బరాబర్" అన్నాడు హెడ్‌మాస్టరు.

"అల్లుడిగారి పేరు జర..." అని నసిగాను.

"నా బిడ్డ కాపురం గంగల కలుపుతవా పంతులూ?"

పటేలు కాగితాన్ని ఎత్తి పట్టుకుని, వెలుతురుకు అడ్డం పెట్టి చూసి, ఒక్కసారిగా తేలికపడ్డాడు.

"ఎనక దిక్కు ఖాళీనే ఉంది గద! ఆ పిల్ల పేరు ఎనక చెక్కిపిద్దం."

నేను నవ్వాను. మా ముగ్గురిలో హాస్యమాడేవాణ్ని నేనే కాబట్టి, ఇంకెవరైనా ప్రయత్నిస్తే ప్రోత్సహించాలని నవ్వాను. నవ్వింది నేనొక్కణ్నే.

"వెనక వైపు గోడకు పోతుంది పటేల్ సాబ్."

"పోతే? చెక్కిపిస్తనన్న, చెక్కిపిస్త. మాట తప్పే ఖాందాన్ గాదు మాది. ముంగట చెక్కిపిస్తనని చెప్పిన్నా? చెప్పున్రి, మీరిద్దరు ఆడనే ఉంటిరి."

హెడ్‌మాస్టరు మొదటిసారి బరాబర్ అనలేదు. తన ఫైళ్లను ఒక బొత్తి నుంచి ఇంకో బొత్తికి మార్చడం మొదలుపెట్టాడు. నేను కాగితం లాక్కుని, అలాగైతే ఈ రాత నేను రాయనన్నాను. పటేలు శాంతంగా, "రాసుడైపోయింది గద" అన్నాడు. నిజమే, అయిపోయింది. చివరికి ఒక దారి కుదిర్చాను. పలకను గోడకు పెట్టకుండా గది ముందు నిలువునా పాతిస్తే రెండు వైపులా కనపడుతుంది. పొలాల్లో హద్దురాళ్లు పాతరా? పటేలు ఆలోచించి, "అచ్ఛా, గట్లనే చేద్దం" అన్నాడు.

ఆ సాయంత్రం దుకాణం దగ్గరికి నేనే వెళ్లి చెప్పాను. పేరు వెనక వైపు వస్తుంది, కానీ రాయి నిలబెట్టి ఉంటుంది, చుట్టూ తిరిగి చూడొచ్చని. ఆమె కందుల కుప్పలో చెయ్యి పెట్టి, గింజలను వేళ్ల సందుల్లోంచి జారవిడిచింది.

"ఎనకైతే ఎనకనే తియ్యి" అంది. "చెయ్యివెట్టి తడుముకోనీకి అందుతది గద?"

"అందుతది అమ్మా."

"మరి గంతే సాలు."

ఎండాకాలం సెలవులకు వికారాబాదు పోయాను. గది తెరిచే రోజు పొద్దున పాసింజరులో తిరిగొచ్చాను. స్టేషను నుంచి నేరుగా స్కూలుకు పోతే, దూరం నుంచే శాసనం కనపడింది. గది ముందు నిలబడి కాదు. తలుపు పక్కన గోడలో, నాలుగంచులా సిమెంటు పూసి, వియ్యంకుడితో సహా బిగించి ఉంది.

హెడ్‌మాస్టరు గులాబీ దండల బుట్ట పక్కన నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు. ఇదేమిటని అడిగాను.

"నిలబెడితే బర్రెలొచ్చి ఒళ్లు రాసుకుంటయన్నరు పటేల్ సాబ్" అన్నాడు మెల్లగా.

"పిల్ల పేరు?"

"చెక్కిన్రు. చానా మంచిగ చెక్కిన్రు. నేనే చూసిన, గోడకు పెట్టకముందు."

తాండూరులో మనిషికి ఇచ్చిన మాట ఎంత పవిత్రమైనదో చూడండి. ఎవరూ ఎప్పటికీ చూడలేని పేరును, ఒక చెక్కేవాడు ఎండలో కూర్చుని, అక్షరం అక్షరం శ్రద్ధగా చెక్కాడు. తర్వాత నలుగురు మోసుకొచ్చి, దాని ముఖం గోడకు తిప్పి, సిమెంటు పూశారు. మోసంలో కూడా ఇంత కష్టపడే మనుషులను నేను ఇంకెక్కడా చూడలేదు. మామూలు మోసగాడైతే చెక్కించకుండా ఊరుకునేవాడు. పటేలు అలాంటివాడు కాదు, నిజాయితీపరుడు.

హైదరాబాదు పెద్దమనిషి వచ్చాడు, రిబ్బను కత్తిరించాడు. శాసనం చదవడానికి హెడ్‌మాస్టరు ముందుకు వచ్చాడు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని అంతా చదివితే గానీ ఇజ్జత్ దక్కదని పటేలు ముందే చెప్పి పెట్టాడు. తాత దాకా చదివేసరికి పెద్దమనిషి రుమాలు తీసి తల మీద వేసుకున్నాడు. నాయన దగ్గర గొడుగు తెప్పించారు. 'మునిఫిసెంట్' దగ్గర హెడ్‌మాస్టరుకు దగ్గొచ్చి ఆగితే, అయిపోయిందనుకుని జనం చప్పట్లు కొట్టారు. కాలేదు. అల్లుడున్నాడు. పరిగి వియ్యంకుడు తన పేరు రాగానే కుర్చీలోంచి లేచి, అన్ని దిక్కులకూ చేతులు జోడించి, నిదానంగా కూర్చున్నాడు. మా లెక్చరరును తలుచుకున్నాను. ఉలి పట్టినవాడికి విశేషణాల మీద మోజు ఉండదన్నాడు కదా. ఉలి పట్టించేవాడి సంగతి ఆయనకు తోచలేదు.

సావుకారమ్మ కొత్త చీర కట్టుకుని, నుదుట విభూతి పెట్టుకుని ఆడవాళ్ల వైపు నిలబడి ఉంది. చదవడం అయిపోయి, పెద్దమనుషులు ఫలహారాల వైపు కదిలాక, రాయి దగ్గరికి వచ్చింది. ముందు వైపు ఆమె చూడలేదు. పేరు వెనక ఉంటుందని నేనే కదా చెప్పాను. గోడకు ఇవతలి నుంచి అవతలికి, తలుపులోంచి గదిలోకి పోయింది. నేను వెంట వెళ్లాను. గోడకు లోపలి వైపు, రాయి ఎక్కడ ఉండాలో అంచనా వేసుకుని, అక్కడ నిలబడింది. తెల్లగా సున్నం వేసిన గోడ. అరచెయ్యి పెట్టి పై నుంచి కిందికి, ఈ కొస నుంచి ఆ కొసకు తడిమింది. చేతికి సున్నం అంటింది. నా వైపు చూసింది. గోడ లోపల ఉందన్నట్టు తల ఊపాను.

ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుని బయటికి వచ్చింది. పటేలు మెడలో దండతో, చేతిలో లడ్డూతో, వియ్యంకుడి పక్కన నిలబడి ఉన్నాడు.

"పటేలా, నా బిడ్డ పేరేది?"

"ఉంది అక్కా, ఎనక దిక్కు ఉంది. మంచిగ చెక్కిపిచ్చిన. సార్లను అడుగు, నేను అబద్దం చెప్పుతనా?"

"కండ్లకు కనవడదు గద."

"కనవడుడు ఏమున్నది అక్కా, ఉండుడు ముఖ్యం." పటేలు వియ్యంకుడి వైపు కూడా ఒకసారి చూసి, గొంతు పెంచాడు. "నువ్వు పరేషాన్ గాకు. ముంగట ఉన్న పేర్లకు ఎండ తాకుతది, వాన తాకుతది, పోరగాండ్లు బొగ్గుతోని గీస్తరు. నీ బిడ్డ పేరుకు గాలి గూడ తాకది. మా అందరి పేర్లు పోయినా గా పేరు పోదు. గంత మంచి జాగల పెట్టిచ్చిన."

ఆమె రాయిని పై నుంచి కింద దాకా ఒకసారి చూసింది. తర్వాత పటేలును చూసింది.

"గంత మంచి జాగ అయితే నీ పేరే ఆడ ఎందుకు పెట్టుకోకపోయినవ్ పటేలా?"